పక్కనే కూర్చోబెట్టి అడిగిన ప్రశ్న

మంగళవారం, ముక్త్యాల

తాగుడు మాన్పించే కార్యక్రమం ఏమాత్రం పనిచేసిందో చూడడానికి సర్వే అమ్మాయి వచ్చింది. పక్కింటి రమణను అరుగు మీద కూర్చోబెట్టి, అతని ఎదుటే భార్య మంగను అడిగింది.

"ఇంకా కొడుతున్నాడా అక్కా?"

మంగ మొగుడి వంక చూసింది. "లేదండి."

"నేను మారిపోయానండీ, రాసుకోండి" అన్నాడు వాడు.

ఆమె సంతోషంగా రాసుకుని వెళ్ళింది. వీధి మలుపు తిరిగిందో లేదో, "చెప్పడానికి అంతసేపు ఆలోచిస్తావేంటే?" అంటూ మంగ తలను గోడకేసి బాదాడు. ఎప్పుడూ గొంతెత్తని నేను దుడ్డుకర్రతో వాడి చెయ్యి విరగ్గొట్టాను.

"చాలు బాబాయ్, చస్తాడు" అని మంగే అడ్డం పడింది, నుదుటి నుంచి రక్తం కారుతుండగా.

రేపు పోలీసులు రావచ్చు. రాతల్లో వాడు మారిన మనిషి. కొట్టేవాణ్ణి నేను.