ఒకే ఫోను, ఇద్దరు మరియమ్మలు

మంగళవారం రాత్రి, మార్కాపురం

నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. మనవరాలికి రేపు కాన్పు ఆపరేషన్. దానికి నా పేరే పెట్టుకున్నాం, ఇంట్లో ఫోనూ ఒకటే. ఆసుపత్రి కంప్యూటర్ ఇద్దరినీ ఒకే మనిషిని చేసింది. మనవరాలి చీటీ మీద నా రక్తం గ్రూపు వచ్చింది, దానిది వేరే.

"ఫోను నంబరుకు ఒక మనిషే అవ్వా, అట్లనే చేసినారు," అంది కౌంటర్ పిల్ల.

"కాన్పు ఫోనుకా తల్లీ? మనిషికో నంబరు మీరే ఇయ్యండి, ఫోను పక్కన రాసుకోండి."

నవ్వింది. కంప్యూటర్‌లో అది మార్చే ఇంజనీరు శుక్రవారం వస్తాడట.

ఆ చీటీ చూసి రక్తం ఎక్కిస్తే పిల్ల ఏమైపోతుంది? మళ్లీ పరీక్ష చేసేదాకా దాని మంచం వదలను. ఆపరేషన్ గది తలుపు దాకా వెళ్తాను. అక్కడి నుంచి లోపలికి నన్ను రానివ్వరు...