పదిహేను గజాల దూరం

ఏప్రిల్ 16, 2024

భద్రరావు బాబాయికి వేట ట్యాగ్ వచ్చింది. కొండ పొట్టేలు ఒకదాన్ని వేటాడ్డానికి అనుమతి చీటీ, విల్లుతో మాత్రమే, ఆగస్ట్‌లో. పంతొమ్మిదేళ్ళుగా ఏటా లాటరీకి అప్లై చేస్తున్నారు, ఏటా సారీ ఈమెయిల్ వస్తోంది. ఫోన్‌లో ఆయన గొంతు విని మనవడు పుట్టాడేమో అనుకున్నాను.

నేనూ రావాలట. వేటకి కాదు, మొయ్యడానికి. మాంసం, తల కొండ దింపాలంటే ఇద్దరు కావాలి. ఆయన కొడుకు రోహన్‌కి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. మా ఆయన లోకేష్‌కి కొండ చూస్తేనే తిరుగుతాయి. మిగిలింది నేను.

ఏప్రిల్ 21

బాబాయి అంటానే గానీ ఆయన నాకు చుట్టమేమీ కాదు. 2019లో నా ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే వీసా పోతుంది, అమెరికా వదిలి పెట్టె సర్దుకోవాలి. గుడిలో ప్రసాదం కూడా తీసుకోకుండా ఏడుపు మొహంతో వెళ్తుంటే ఆపి, మా గరాజ్‌లో చిన్న పనుంది, వచ్చి సాయం చెయ్యమన్నారు. పని ఏమిటంటే విల్లు పట్టడం.

చక్రాలూ గురి చూసే సైట్లూ ఉండే ఇప్పటి విల్లు కాదు. ఆయనే చెక్కిన కర్ర విల్లు, టర్కీ ఈకలు అంటించిన చెక్క బాణాలు. గురికి కన్నూ చెయ్యీ తప్ప ఇంకేమీ ఉండదు. తుపాకీ అయితే నా వీసాకి సవాలక్ష రూల్స్. విల్లుకి ఏ రూలూ లేదు. ఆ అరవై రోజులూ గడ్డిమోపు మీద బాణాలు వేసుకుంటూ పిచ్చెక్కకుండా బతికాను. యాభై మూడో రోజున ఆఫర్ వచ్చింది.

ఆయన నేర్పిన రూల్స్ రెండే. ఇరవై గజాలు దాటితే వెయ్యకూడదు. బాణం ఎవరు వేస్తే వాళ్ళే ముగించాలి.

జూన్ 8

ప్రాక్టీస్‌కి వెళ్ళాను. పదిహేను గజాల నుంచి బాబాయి మూడు బాణాలు వేశారు. ఒకటి గడ్డిమోపుకి తగిలింది. రెండు కంచెకి. నారి పూర్తిగా లాగాక విల్లు కొస వణుకుతోంది. పొద్దున కాఫీ ఎక్కువైంది అన్నారు.

చాముండేశ్వరి పిన్ని పకోడీలు తెచ్చేసరికి చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నారు. అక్కడే పెట్టు, తర్వాత తింటాను అన్నారు. వేడి పకోడీకి ఆగే మనిషి కాదు ఆయన. ఆవిడకి తెలీదని అప్పుడర్థమైంది.

జూన్ 15

వేట డిపార్ట్‌మెంట్ సైట్ అంతా చదివాను. చేతులు సహకరించనివాళ్ళకి ఒక పర్మిట్ ఇస్తారు. గాయపడ్డ జంతువుని వాళ్ళ తరఫున తోడొచ్చిన మనిషి ముగించవచ్చు. డాక్టర్ సంతకం ఒక్కటి చాలు. ఫారం ప్రింట్ తీసి పట్టుకెళ్ళాను.

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. నాలుగు మడతలు వేసి జిగురు డబ్బా కింద పెట్టారు.

"నా చేతులకి ఇంకొకడి సంతకం అక్కర్లేదమ్మాయ్."

ఒళ్ళు మండింది. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ వణుక్కి ఒక పేరు పెడతాడు, ఆ పేరు పిన్నికి తెలుస్తుంది, ఆయన భయం అదీ. అది నాకు తెలుసు. తెలిసీ ఇంకో మాట అనకుండా వచ్చేశాను. అనాల్సింది.

జూన్ 16

పిన్నికి చెబుదామని మూడుసార్లు ఫోన్ తీశాను. చెప్పలేదు.

జూలై 22

లాయర్‌తో కాల్. నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డ్ క్యూలో నేను చేరిన తేదీ, 2012 డిసెంబర్. అక్టోబర్‌లో గ్రీన్‌కార్డ్ ఫైల్ చెయ్యగలమేమో అంటున్నాడు. పన్నెండేళ్ళు. నమ్మాలంటే భయంగా ఉంది.

అప్పటిదాకా చిన్న కేసు కూడా మీద పడకూడదట. నా కాగితం మీదే లోకేష్ కాగితం, అతని ఉద్యోగం, ఇల్లు. మా పాప అనిక ఇక్కడే పుట్టింది, దాన్ని ఎవరూ పొమ్మనరు. కానీ నాలుగో క్లాస్ పిల్లని వదిలి మేం ఎక్కడికి పోతాం?

మాటల్లో ఆగస్ట్ ట్రిప్ సంగతి చెప్పాను. బరువులు మొయ్యడం వరకు ఓకే అన్నాడు. ఇంకొకరి ట్యాగ్ మీద నువ్వు చంపితే అది నేరం, అటువైపు వెళ్ళకు అన్నాడు. నేనెందుకు చంపుతాను అని నవ్వాను.

ఆగస్ట్ 10

పదకొండు వేల అడుగుల మీద టెంట్. బాబాయికి ఆయాసం, నాకు తలనొప్పి. పులిహోర గడ్డకట్టింది. వానకి ఈకలు తడిస్తే బాణం వంకరపోతుందని బాణాల మీద బ్రెడ్ కవర్ తొడిగారు. తొడగడానికి ఐదు నిమిషాలు పట్టింది. నేను అటు తిరిగి స్టవ్‌తో ఏదో పని ఉన్నట్టు నటించాను.

ఆగస్ట్ 11

సాయంత్రం ఎదుటి గట్టు మీద మూడు పొట్టేళ్ళు కనిపించాయి. పెద్దదాని కొమ్ములు చెంపల పక్కనుంచి చుట్టు తిరిగి కళ్ళ కిందికొచ్చాయి. ఒక కొమ్ము కొస విరిగి ఉంది. బాబాయి బైనాక్యులర్స్ చాలాసేపు దింపలేదు. ఏడుస్తున్నారేమో.

ఆగస్ట్ 12, ఉదయం 8:20

తగిలింది. గుండె దగ్గర తగలాల్సింది పొట్టలో తగిలింది.

పద్దెనిమిది గజాలే. కొమ్ము విరిగిందే వచ్చింది, అడ్డంగా నిలబడింది, ఇంతకన్నా ఏం కావాలి? ఆయన లాగారు. విల్లు కొస ఊగడం వెనక నుంచి చూస్తున్నాను. వద్దు బాబాయి అని నోటిదాకా వచ్చింది.

పొట్టలో తగిలితే తొందరగా చావదు. కదిలించకుండా కొన్ని గంటలు ఆగాలి. కానీ పడమట మబ్బు పట్టింది, వానొస్తే రక్తం జాడ కడిగేస్తుంది. ఆయన రాయి మీద కూర్చుని తన కుడిచేతిని చూసుకుంటున్నారు.

ఉదయం 11:05

జాడ పట్టుకుని వచ్చాం. జారే రాళ్ళ వాలు దగ్గర బాబాయి మోకాలు మెలిపడింది. రెండు చేతులూ నేలకి ఆనిస్తే గానీ పాకలేరు కాబట్టి విల్లు, బాణాలు నాకిచ్చి ముందు వెళ్ళి చూడమన్నారు.

చూశాను. పెద్ద బండ వెనక ఉన్నాను. పొట్టేలు బండకి అవతల, నాకు కింద పదిహేను గజాల్లో పడుకుని ఉంది. బాణం ఈకలు దాని పొట్ట పక్కన కనిపిస్తున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా ఈకలు కదులుతున్నాయి. నన్ను చూసింది. లేవబోయింది, చేతకాలేదు. ఇప్పుడు నన్నే చూస్తోంది.

రాస్తున్నాను, ఎందుకంటే చేతులకి ఇంకో పని ఉండాలి. విల్లు నా ఒళ్ళో ఉంది. అదే గరాజ్ విల్లు. ఈ దూరంలో నేను తప్పను. ఐదేళ్ళలో ఈ దూరంలో నేను తప్పింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మధ్యాహ్నం 12:30

బాబాయి ఇవతల, కింద వాలు మధ్యలో ఉన్నారు. పొట్టేలు ఆయనకి కనిపించదు, నేను కనిపిస్తాను. బతికే ఉందా అని చేత్తో అడిగారు. ఉందన్నాను. అప్పుడు అరిచారు.

"నువ్వు వేసెయ్ తల్లీ. నేనే వేశానని చెప్తాను. ఇక్కడ ఎవరున్నారు చూడ్డానికి?"

ఎవరూ లేరు. అది నిజమే.

బాణం తీసి నారికి పెట్టాను. సగం లాగాను. అనిక స్కూల్ బ్యాగ్ గుర్తొచ్చింది, ఎందుకో తెలీదు. లాయర్ గొంతు గుర్తొచ్చింది. కొమ్ములు వేట ఆఫీస్‌కి తీసుకెళ్ళి చూపించాలి, అక్కడ ఎవరు వేశారని అడుగుతారు, ఆయన అబద్ధం చెప్పాలి, నేను పక్కన నిలబడి తలూపాలి. ఆ తర్వాత గ్రీన్‌కార్డ్ ఫారం మీద నేనూ.

నారి వదల్లేదు. మెల్లగా వెనక్కి తెచ్చేశాను.

బాణం ఎవరు వేస్తే వాళ్ళే ముగించాలి, మీరు నేర్పిందే కదా అని కిందికి అరిచాను. ఆయన మళ్ళీ పాకడం మొదలుపెట్టారు. నన్ను ఆపింది ఆ రూల్ కాదు. ఇక్కడైనా నిజం రాయాలి.

మధ్యాహ్నం 2:40

ఆయన వచ్చేసరికి రెండు దాటింది. విల్లు చేతికిచ్చాను. ఆయన మొహం వైపు చూడలేదు.

నాలుగుసార్లు లాగారు. ఒకసారి బాణం నారి మీంచి జారి రాళ్ళలో పడింది. ఒకసారి సగం కూడా లాగలేకపోయారు. చలి, మోకాలు, ఆ వణుకు. మూడోసారి నా వైపు చూశారు. నేను బూటు లేసు చూసుకున్నాను. నాలుగోసారి వదిలారు, బాణం పొట్టేలు కొమ్ముకి తగిలి టక్‌మని పోయింది. ఆ చప్పుడుకి అది ఎలా లేచిందో లేచి, నాలుగడుగులు వేసి, కింది అంచు మీదికి పడిపోయింది.

కనిపిస్తోంది. అటు దిగడానికి దారి లేదు, చుట్టు తిరిగి రేపు రావాలి. ఇక్కడి నుంచి విల్లుకి అందదు.

సాయంత్రం 6:40

తల ఇంకా ఎత్తే ఉంది.

ఆగస్ట్ 13

చుట్టు తిరిగి వెళ్ళేసరికి తొమ్మిది. చచ్చిపోయి ఉంది. కాకులు కళ్ళ పని చూశాయి. మాంసం పొట్ట పక్కనంతా పాడైంది. మిగిలింది కోశాను. ఆయన ట్యాగ్ కట్టడానికి దారం ముడి వెయ్యలేకపోయారు. నేను వేశాను. దానికి రూల్ ఏమీ లేదు.

దిగేటప్పుడు చెయ్యి అందిస్తే పట్టుకోలేదు, కర్ర మీద ఆనుకుని దిగారు. తిడితే బాగుండేది.

ఆగస్ట్ 15

వేట ఆఫీసర్ కొమ్ములు కొలిచి, కొమ్ములో సీల్ కొట్టాడు. పదేళ్ళ పొట్టేలట. కర్ర విల్లుతోనా అని ఆశ్చర్యపోయి ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆయన చెయ్యి పట్టుకుని, ఒక క్షణం ఎక్కువే పట్టుకుని, వదిలాడు. ముగించింది ఎవరని అడిగాడు. ఎవరూ కాదు, దానంతట అదే పోయింది అన్నారు బాబాయి.

సెప్టెంబర్ 7

పిన్ని ఫోన్. పొట్టేలు తల గోడకి పెట్టించనని బాబాయి అన్నారట, కొమ్ములు గరాజ్‌లో గోనెసంచిలో ఉన్నాయట. విల్లులన్నీ ఎవరికో ఇచ్చేశారట. డాక్టర్ ఆ వణుక్కి పేరు పెట్టేశాడు. నీకు ముందే తెలుసా అని పిన్ని అడిగారు.

తెలుసన్నాను. కొండ మీద నేను వెయ్యని బాణం గురించి కూడా చెప్పాలనుకున్నాను, అనిక పిలుస్తోందని చెప్పి పెట్టేశాను.

సెప్టెంబర్ 28

వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయి కారు ఉంది. ఆయన పడుకున్నారని పిన్ని గుమ్మంలోనే చెప్పారు. పొద్దున పదకొండింటికి.

అక్టోబర్ 6

డేట్ వచ్చింది. లోకేష్ స్వీట్స్ తెచ్చాడు. లాయర్ ఫారం పంపాడు. పదో పేజీయో పదకొండో పేజీయో: అరెస్ట్ కాకపోయినా సరే, మీరు ఎప్పుడైనా ఏదైనా నేరం చేశారా?

నో.

నా చెయ్యి కొంచెం కూడా వణకలేదు.