సింహాచలం బాబాయి పెద్ద అక్షరాలు

రాయగడ, బుధవారం

ఆఫీసు కంప్యూటర్ల కోసం నేను రాసిన స్క్రిప్టు ఇవాళ పనిచేసింది. పొద్దున్న ఎవరు పాస్‌వర్డ్ కొడితే వాళ్ల కంప్యూటర్లో ప్రింటరు, ఫోల్డర్లు, తెర రంగు, అక్షరాల సైజు అన్నీ వాటంతటవే ఒకే తీరుగా అమరిపోయాయి. ఇన్నాళ్లూ బల్ల బల్లకీ తిరిగి చేతితో చేసిన పని అది. వెళ్లిన చోటల్లా ఓ కబురు, ఓ కప్పు టీ ఉండేవి. ఇవాళ ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నం డబ్బా కూడా ఒక్కదాన్నే తిన్నాను.

సాయంత్రం వచ్చేస్తూ చూస్తే, డెస్పాచ్ గుమస్తా సింహాచలం బాబాయి భూతద్దం పట్టుకుని తెర మీదికి వంగి ఉన్నారు. చూపు ఆనడం లేదంటే పోయిన ఏడాది నేనే ఆయనకి పెద్ద అక్షరాలు పెట్టాను. స్క్రిప్టు రాసేటప్పుడు ఆ సంగతే మర్చిపోయాను.

"పొద్దున్నే నన్ను పిలవొచ్చు కదా బాబాయ్!"

"నువ్వే సిన్నవి సేసేవు కదమ్మీ, ఏటో అవసరం ఉంటాదనుకున్నాను. ఇంక నువ్వు రానక్కర్లేదని మేనేజరు సెప్పేడు."

అక్షరాలు పెద్దవి చేశాను. ఆయన మూరీల పొట్లం, అదే మరమరాల మిక్చరు, నా వైపు జరిపారు. నాకు కారం పడదని ఎప్పటిలాగే పచ్చిమిరప ముక్కలు ఏరేశారు. మధ్యాహ్నం నుంచీ ఉంచారేమో, మూరీలు మెత్తబడిపోయాయి.

రేపు పొద్దున్న స్క్రిప్టు మళ్లీ ఆయన అక్షరాలు చిన్నవి చేస్తుంది. ఆయన పేరు మినహాయిస్తూ ఒక్క వరుస రాస్తే ఆగుతుంది. ఆ తర్వాత ఆ బల్ల దగ్గర కూడా నాకు పని ఉండదు.

రాయకుండానే ఇంటికి వచ్చేశాను.