అద్దం కింద పాత గమ్ము

ఏమండీ,

నిన్న ధవళేశ్వరం దగ్గర లారీ చక్రం కింది రాయి ఎగిరొచ్చి మన కారు ముందద్దం పగిలింది. మీరు బిగించినదే. మార్చక తప్పలేదు. పొద్దున్నే మన షాపుకే తీసుకెళ్లాను. మీరు పోయాక, మీ దగ్గర పని నేర్చుకున్న సూరిబాబే దాన్ని నడుపుతున్నాడు.

అద్దం ఊడదీయగానే ఫ్రేము చుట్టూ మీరు పెట్టిన నల్ల గమ్ము కనిపించింది, ఓ మూల మీ బొటనవేలి ముద్రతో సహా. అతను కత్తి అందుకున్నాడు.

“అంతా గీకేస్తావా?” అన్నాను.

“లేదండి, పైపైనే కోస్తాను. పాతది పల్చగా ఉంచితేనే కొత్తది గట్టిగా పట్టుకుంటుందని గురువుగారు చెప్పేవారండి.”

వేలిముద్ర పోయింది. గమ్ము ఆరేదాకా మీ స్టూలు మీదే కూర్చున్నాను. సాయంత్రం ఇంటికొస్తూ, మీరుంటే తిట్టేవారని తెలిసీ, ఏటిగట్టు రోడ్డు మీది గతుకుల్లో కాస్త జోరుగానే పోనిచ్చాను.

కొత్త అద్దం కిర్రుమని కూడా అనలేదండి.