మిర్చి గోతాల్లో మీ పుస్తకాలు

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. అర్జీలు పెట్టి పెట్టి మీరు అలసిపోయిన మన ఊరి గ్రంథాలయానికి ఈ ఏడే కొత్త భవనం మంజూరైంది. పాత గది పడగొట్టారు. మీరు ఇన్నేళ్ళు చూసుకున్న పుస్తకాలన్నీ ఖాళీ మిర్చి గోతాల్లో కట్టించి మన వసారాలో పెట్టించాను.

నిన్న గ్రంథాలయాల ఆఫీసరుగారు వచ్చారు. "చిరిగినవి కొత్త భవనంలోకి రావమ్మా, తూకానికి వేసేస్తాం" అంటూ ఒక గోతం విప్పారు. వరసగా తొమ్మిది తుమ్ములు! "ఇవి చదవడానికా, పచ్చడికా?" అంటూ వెళ్ళిపోయారు. రేపు ముక్కుకి గుడ్డ కట్టుకుని వస్తారట.

భయంగా ఉందండి. దేవుడికి దీపం పెట్టి మొక్కాను. మీలాగే చింతగింజల జిగురు కాచి పొద్దుటినుంచి అట్టలు అతికిస్తున్నాను. ఇంకా మూడు గోతాలున్నాయి. మబ్బు పట్టింది. అతికించినవైనా రేపటికి ఆరతాయో లేదో.