నీలం తొడుగు విప్పించాలని

ఊపిరితిత్తుల వార్డు పెద్ద డాక్టరు గారి సముఖమునకు, ఆ వార్డులోంచి నడిచి బయటపడిన దర్జీ చేసుకొను మనవి.

అయ్యా,

విషయం: నాకూ మా బావకూ ఎక్కించిన సంచులలో ఏది మూలకణాల మందో, ఏది ఉప్పునీరో బయటపెట్టుట గురించి.

1. నేనూ, బస్సు డ్రైవరైన మా అక్క మొగుడూ ఒకే జ్వరం తెచ్చుకుని, ఊపిరితిత్తులు మొరాయించి, తమ వార్డులో పక్కపక్క మంచాల మీద పడిన సంగతి తమకు విదితమే.

2. సదరు ప్రయోగమునందు, అప్పుడే పుట్టిన బిడ్డల బొడ్డుతాడు నుంచి తీసిన కణాలు కొందరికి, వట్టి ఉప్పునీరు కొందరికి ఎక్కించెదరనియు, ఎవరికేదన్నది చీటీలు వేసి తేల్చినదే గనుక తమకు సైతం తెలియదనియు చెప్పి మా ఆడవాళ్ల చేత సంతకాలు తీసుకున్నారు. ఆ కణాలు కొత్త ఊపిరితిత్తులు మొలిపించవట, ఒంట్లో రేగిన మంటను సముదాయించవచ్చునట. ఆ "వచ్చు" దగ్గరే మా ఇంట్లో గొడవంతా.

3. లోపలిది ఎవరికీ కనబడకుండా సంచులకు నీలం గుడ్డ తొడుగు వేస్తున్నారు. వృత్తిరీత్యా ఫిర్యాదు: గుడ్డ పలచన, కుట్టు వంకర. మొన్న ఎవరికో తీసుకెళ్తున్న సంచిని కిటికీ వెలుతురులో తొంగిచూడబోతే నర్సమ్మ నన్ను తరిమింది. ఆవిడ మీద ఫిర్యాదు లేదు.

4. నేను లేచాను. కాజాలు కుట్టుకుంటున్నాను. మధ్యాహ్నం కునుకు తీస్తే మా ఆవిడ, లోపల పసిబిడ్డ కణాలున్నాయి కదా, పడుకోనీ అంటోంది. పెళ్లయిన నాటి నుంచి ఎరగని భోగమిది. మా బావ మాత్రం గొంతులో గొట్టంతో ఇంకా అక్కడే ఉన్నాడు. నాకంటే ఆలస్యంగా లేవడం ఆ మనిషి జన్మలో ఇదే మొదలు.

5. నిన్న వరండాలో మా అక్క నా చెయ్యి పట్టుకుని, "తమ్ముడూ, నీకెక్కించిందేదో మీ బావక్కూడా ఎక్కించమని చెప్పరా" అంది. అంతే అంది. తరువాత క్యారియర్ మూత తీసి నన్ను తినమంది. 

6. తమరిని అడిగితే, ఇప్పుడు విప్పేస్తే ఈ మందు పనిచేస్తుందో లేదో రేపొచ్చేవాళ్లకు ఎప్పటికీ తెలియదన్నారు. రేపొచ్చేవాళ్లు నాకు చుట్టాలు కారు. ఇతను మా బావ.

కావున తమరు ఆ గుట్టు విప్పించి, నాది మందు, అతనిది నీరు అయిన పక్షమున, నా పేరిట నీరు రాసుకుని అతనికి మందు ఇప్పించవలెను. నాదే ఉప్పునీరని తేలినచో కునుకు మీద హక్కు వదులుకొనుటకు సిద్ధము. ఈ మనవిని దయతోనూ, కాస్త తొందరగానూ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్జీ
(మాజీ ఏడో మంచం)

తా.క.: ఈ అర్జీని ముందుగా మా బావకు చదివి వినిపించాను. మెలకువగానే ఉన్నాడు, గొట్టం వల్ల మాట లేదు. సైగతో పలక అడిగి తీసుకుని వంకర అక్షరాలతో రాశాడు: "బామ్మర్దీ, నోరు మూసుకో. తర్వాతి స్టాపులో ఎక్కేవాళ్లూ నా ప్యాసింజర్లే." మా అక్క అది చదివి, ఈయన బుద్ధి మారదని మంచానికి తల ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కాబట్టి పై కోరికలన్నీ రద్దు. అయినా అర్జీ ఇస్తున్నాను, మా అక్క అడిగిందన్న మాట ఎక్కడో ఒకచోట ఉండాలి. దీనితోపాటు కొత్త తొడుగులు పంపుతున్నాను. దళసరి గుడ్డ, లోపల లైనింగు, రెండు వరసల కుట్టు. కుట్టాక నేనే కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. ఏమీ కనబడలేదు.