నా కారు ఎడమ తలుపు గురించి మనవి

గోదావరిఖని,
తేది: 13-9-1994.

శ్రీయుత విచారణాధికారి గారి సముఖమునకు, రాయమల్లు కొడుకు నర్సింగం, మాజీ టింబర్‌మన్, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కాపలాదారు గట్టయ్య అమ్ముకున్నాడని అభియోగం మోపబడిన ప్రమాద సూచిక బోర్డు నా కారు తలుపులో ఉన్న సంగతి గురించి.

తమ సముఖమునకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను భూగర్భ గనిలో ఇరవై రెండు సంవత్సరములు టింబర్‌మన్‌గా, అనగా పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టు పనిలో ఉండి, నడుముకు దెబ్బ తగిలి, అన్‌ఫిట్ అయి బయటికి వచ్చినాను. వచ్చిన పైకముతో పాత అంబాసిడర్ కారు ఒకటి కొని కిరాయికి నడుపుకొనుచున్నాను. ఇంటిలో నేను, నా భార్య సారలమ్మ. మాకు వేరే ఆధారము లేదు.

2. గత మే మాసములో కమాన్‌పూర్‌లో పెండ్లివారిని దించి ఖాళీగా తిరిగి వచ్చుచుండగా ఎదురుగా లారీ వచ్చినది. దానికి దారి ఇచ్చుటలో నా కారు ఎడమ ప్రక్క కల్వర్టు గోడను ఒరుసుకొని, ముందు తలుపు క్రింది సగము చినిగిపోయినది. లారీ ఆగలేదు. నా కారుకు బీమా లేదు. బీమా కట్టవలసిన నెలలోనే టైర్లు అరిగినవి. బండి టైర్ల మీద నడుచును గాని కాగితము మీద నడువదు కదా అని అప్పటి నా తెలివి.

3. మంచిర్యాలలో ఒక షెడ్డువారు కొత్త తలుపుకు చెప్పిన ధర వినగా, ఆ తలుపుకు నా కారును బిగించుకొనుట మేలనిపించినది. చినిగిన తలుపుకు గోనెపట్టా కట్టి రెండు నెలలు నడిపితిని. గోనె చూచి ఎవరూ ఎక్కలేదు. చివరకు మా బస్తీలో టింకరింగ్ పని చేయు మహబూబ్, రేకు నేను తెచ్చుకొన్న యెడల కూలి తగ్గించి చేసెదనని చెప్పినాడు.

4. అంతట నేను రేకు వెదుకుచుండగా, మూసివేసిన పాతబాయి, అనగా పాత బొగ్గు గని వెనుక, భూమి కుంగిన స్థలము వద్ద, ఒక బోర్డు గాలికి పడిపోయి గడ్డిలో ఉండగా చూచి, అక్కరకు రాని వస్తువని భావించి తెచ్చుకొంటిని.

అయ్యా, ఇక్కడి దాకా కోర్టు ముందర అర్జీలు రాసే ఆయన రాశాడు. ఇక్కడి నుంచి నా చేతిరాత. నేను ఏడో తరగతి దాకా చదివాను, తప్పులుంటే మన్నించండి. తరువాతి సంగతి చెప్పగానే ఆయన కలం మూత పెట్టేశాడు. "నీ మెడకు నువ్వే తాడు పేనుకుంటున్నవు. నేను రాయ" అన్నాడు. రాసినంత వరకు కాగితం నాకిచ్చి, చాయ్ తాగిపొమ్మన్నాడు. మంచివాడే.

5. పైన నాలుగో అంశంలో బోర్డు పడిపోయి ఉన్నదని ఉంది కదా. అది అబద్ధం. పడిపోయిందని రాద్దామని ఆయన అంటే నేను సరే అన్నాను. బోర్డు పడలేదు. రెండు ఇనుప గుంజల మీద నిటారుగా నిలబడి ఉన్నది. ఆగస్టు మూడో తారీఖు, బుధవారం, మిట్టమధ్యాహ్నం నేనే పోయి విప్పాను. నాలుగు బోల్టులు. మూడు పానాకు వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి రాకపోతే సుత్తెతో కొట్టాను. అది ఎగిరి ఎక్కడ పడిందో కనబడలేదు. తెల్ల రంగు మీద ఎర్రగా పుర్రె బొమ్మ, దాని కింద "ప్రమాదము. భూమి కుంగుచున్నది. లోనికి రాకూడదు" అని ఉన్నది. చదువు రాక తెచ్చానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

6. తెలియక చేశాననే దారి అంతకన్నా లేదు. ఆ జాగ కింద బొగ్గు తీసింది మేమే. బొగ్గంతా తీశాక, నిలబెట్టిన కట్టెలు ఒక్కొక్కటే వెనక్కి పీకుకుంటూ వస్తాం. వెనక కప్పు కూలుతుంది. కూలినప్పుడు వచ్చే గాలికి టోపీ ఎగిరిపోతుంది. కింద కూలింది కొన్నాళ్ళకు పైన భూమి దాకా వస్తుంది, ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అక్కడ కట్టెలు పీకినవాళ్ళలో నేనొకణ్ణి.

బాయిలో దిగిన మొదటి రోజు నాకు పని నేర్పిన నర్సన్న చెప్పిన మొదటి మాట, దారికి అడ్డంగా రెండు కట్టెలు కట్టి ఉంటే దాటొద్దు, ఆ కట్టెలను ముట్టొద్దు అని. లోపల గాలి లేకనో, కప్పు బాగాలేకనో ఎవరో మనకోసం కట్టి పోయి ఉంటారు. ఇరవై రెండేండ్లలో అట్లా కట్టిన కట్టెను నేనొక్కసారి ముట్టలేదు. చలికాలంలో మంటకు పుల్ల దొరకనప్పుడు కూడా ముట్టలేదు. చీకట్లో ఇంత బుద్ధిగా ఉన్నవాణ్ణి, ఎండలో నిలబడి బోర్డు విప్పుకున్నాను. మా దగ్గర కంపెనీ పారేసిన బెల్టు ముక్క గుమ్మానికి పట్టా అవుతుంది, డ్రమ్ము రేకు తడికె అవుతుంది. బయట కనబడిన ఇనుమంతా మనదే అనుకోవడం అందరికీ అలవాటు. ఆ అలవాటు నా చేత ఆ పని చేయించింది అంటే తప్పు అలవాటు మీదికి తోసినట్టే. చేసింది నేను.

7. మహబూబ్‌కు ఏమీ తెలియదు. అతనికి ఉర్దూ చదువు తప్ప తెలుగు అక్షరం రాదు. పుర్రె బొమ్మ చూసి మాత్రం అడిగాడు. "గిదేంది అన్న, ఏడికెళ్ళి తెచ్చినవ్?" అన్నాడు. పాత సామాన్లవాడి దగ్గర కొన్నానన్నాను. మంచి మందం రేకు అని మెచ్చుకున్నాడు. రాత లోపలి వైపుకు పెట్టి, తలుపుకు సరిపోను కత్తిరించి, గ్యాసు వెల్డింగు చేసి, లప్పం పెట్టి, రంగు కొట్టాడు. మధ్యాహ్నం భోజనానికి పోయేటప్పుడు కూడా ఎండకు రంగు పొంగకుండా పైన నీడకు గోనె కట్టిపోయాడు. అంత శ్రద్ధ నా దొంగ రేకుకు అక్కర్లేదు. అతని మీద కేసు పెట్టకూడదని మనవి.

కత్తిరించగా మిగిలిన పట్టీ మీద "రాకూడదు" అన్న ఒక్క మాట మిగిలింది. దాన్ని ఇంటికి తెచ్చి కోళ్ళగూటి మీద కప్పాను.

8. అయ్యా, ఇప్పుడు రాసేది రాయడానికి మూడు రోజులు పట్టింది.

మా పక్క లైనులో ఉండే లస్మవ్వకు రెండు బర్రెలు. రోజూ గడ్డి కోసుకురావాలి. చదువు రాకపోయినా ఆమెకు ఆ పుర్రె బొమ్మ చాలు, దాన్ని చూసి ఏండ్ల తరబడి అటు కాలు పెట్టలేదు. బోర్డు విప్పిన మూడు రోజులకు, శనివారం సాయంత్రం సారలమ్మ నల్లా దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి, లస్మవ్వ చెప్పిన మాట నాకు చెప్పింది.

"పాతబాయి ఎనుక ఎర్రబొమ్మ తీసేసిన్రట. జాగ బాగైందట. ఇగ గడ్డికి గటే పోతనన్నది లస్మక్క. మోకాలంత గడ్డి ఉన్నదట."

తీసేశారంటే బాగు చేసి తీసేశారని ఆమె అనుకున్నది. బోర్డును దొంగ ఎత్తుకుపోతాడని ఆమె అనుకోలేదు. ఎందుకనుకుంటుంది? పుర్రె బొమ్మను ఇంటికి తెచ్చుకునేవాడు ఉంటాడని ఎవరనుకుంటారు?

ఆ మాట విన్నప్పుడు నేను అన్నం తింటున్నాను. అప్పుడే లేచి, పది అడుగులు నడిచి, అటు పోకు లస్మక్కా అని చెబితే సరిపోయేది. ఎట్లా తెలుసు అని ఆమె అడుగుతుంది, బోర్డు సంగతి బయటపడుతుంది, తలుపు పోతుంది, మళ్ళీ గోనెపట్టా కట్టుకోవాలి. ఇన్ని లెక్కలు ఒక్క ముద్ద మింగేలోపు వేసుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆదివారం జ్యోతినగర్ కిరాయి వచ్చింది. సోమవారం, మంగళవారం వాన. బుధవారం పొద్దున లస్మవ్వ గడ్డికి అటు పోయింది. వానకు తడిసిన గుంత అంచు ఆమెతో పాటే దిగబడింది. కింద నీళ్ళున్నాయి.

బస్తీలో కారు నాదొక్కటే కాబట్టి పైకి తీశాక నా దగ్గరికే పరుగెత్తి వచ్చారు. దవాఖానకు నేనే తీసుకుపోయాను. వెనక సీటు చాలలేదని ముందు సీటు వంచి పడుకోబెట్టారు. ఆమె తల ఎడమ తలుపుకు ఆని ఉన్నది. ప్రాణం అప్పటికే లేదని డాక్టరు చెప్పాడు. కిరాయి ఇవ్వబోయిన ఆమె తమ్ముడితో వద్దన్నాను. నర్సింగం మంచి మనిషి అని అందరూ అన్నారు. ఆ మాట నా చెవుల్లోంచి పోవడం లేదు.

9. గట్టయ్య సంగతి. బోర్డు కనబడడం లేదని, నేను విప్పిన రెండు రోజులకు, శుక్రవారమే ఆఫీసులో చెప్పింది ఆయన. కొత్తది రాయించే లోపల ఈ ఘోరం జరిగింది. తానే అమ్ముకుని తానే పోయిందని చెప్పాడని ఆయన మీద ఛార్జిషీటు వచ్చింది. సస్పెండు అయ్యాడు. రిటైర్మెంటుకు ఇంకా పది నెలలే. ఉద్యోగం పోతే ముప్పై ఏండ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

ఆయన నాకు వరసకు బావ. పోయిన సోమవారం తమ దగ్గరి మొదటి విచారణకు ఆయన్ను నా కారులోనే తీసుకొచ్చాను. దారిలో ఒకటే మాట. "నేను అమ్మలేదు బావా. నువ్వన్న నమ్ముతవా?" అన్నాడు. నమ్ముతున్నానన్నాను. ఈ భూమి మీద ఆ మాటను నాకన్నా బాగా నమ్మేవాడు లేడు. తమ ఆఫీసు ముందు దిగి, తలుపు వేసి, దాని మీద చెయ్యి పెట్టి నిమిరాడు.

"గీ తలుపు మంచి బరువున్నది బావా. మహబూబ్ గట్టి పని చేసిండు" అన్నాడు.

ఆయన లోపలికి పోయి రెండు గంటలు నిలబడ్డాడు. నేను బయట ఆ తలుపు పక్కనే కూర్చున్నాను.

10. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నాడు, బావను కాపాడడానికి కట్టుకథ చెబుతున్నాడు అని తమరికి అనుమానం రావచ్చు. కట్టుకథ కాదు. తలుపు లోపలి అట్టకు ఆరు స్క్రూలున్నాయి. విప్పి టార్చిలైటు వేస్తే పుర్రె కనబడుతుంది. వెల్డింగు వేడికి అంచులు మాత్రం కాలాయి, అక్షరాలు చెక్కుచెదరలేదు. మంచి పెయింటరు రాశాడు.

కావున నా మనవులు: గట్టయ్యను నిర్దోషిగా తేల్చి డ్యూటీలోకి తీసుకోవాలి. మహబూబ్‌ను పిలవకూడదు. లస్మవ్వ తమ్ముడికి ఈ అర్జీ చదివి వినిపించాలి, నాకు నోరు రావడం లేదు. నన్ను ఏ స్టేషనుకు రమ్మంటే ఆ స్టేషనుకు వస్తాను. కారు మాత్రం వదిలిపెట్టండి, సారలమ్మకు అదొక్కటే తిండి అని ఈ అర్జీ మొదలుపెట్టేటప్పుడు రాయిద్దామనుకున్నాను. ఇప్పుడు ఎట్లా రాయాలో తెలియడం లేదు. తమకు తోచినట్టు చేయండి.

ఇది చిత్తగించి, సోమవారం పందొమ్మిదో తారీఖు విచారణలో ముందు నన్ను పిలిచి, ఆ తరువాతే గట్టయ్యను పిలువవలెను.

ఇట్లు,
తమ విధేయుడు కాదగని
నర్సింగం

తాజా కలం: పైన స్క్రూలు విప్పి చూడమని రాశాను, ఇప్పుడు ఆ అవసరం లేదు. అర్జీ మడతపెట్టాక మనసు ఊరుకోలేదు. సోమవారం దాకా ఆ జాగ ఒట్టిగానే ఉంటుంది కదా అనిపించింది. కొత్త బోర్డు ఇంకా రాలేదు. కారు తీసుకుపోయి, తలుపు ఊడదీసి, అట్ట పీకేసి, రాత దారి వైపుకు కనబడేట్టు పాత గుంజలకే తీగతో కట్టాను. కోళ్ళగూటి మీది పట్టీ కూడా తెచ్చి కింద బిగించాను. అది లేకపోతే బోర్డు "లోనికి" అన్న మాట దగ్గరే ఆగిపోతున్నది.

ఈ అర్జీ సారలమ్మ తెచ్చి ఇస్తుంది. ఆమెకు అంతా చెప్పాను. ఆమె నాతో మాట్లాడడం లేదు.

నేను ఇక్కడే తలుపు దగ్గర కూర్చున్నాను. రేకు మంచిది, వదిలిపోతే ఎవరైనా ఎత్తుకుపోతారు. విచారణకు నేను రావలసిన వేళకు ఇక్కడ కూర్చోవడానికి ఒక మనిషిని పంపండి. గట్టయ్యను పంపితే బాగుంటుంది.